వానదేవుడి మీద సున్నం

ఎవరిస్తో షొలాల్పా అక్షరాలు రాసి బతికిన మనిషి. మూడో తరగతి దాటలేదు. అయినా మెక్సికో నగరం తూర్పు అంచున ఉన్న ఆ కొండ మీద కోళ్ళ కొట్టు నుంచి శవపేటికల దుకాణం దాకా ఏ బోర్డు చూసినా ఆయన చేతి రాతే. తాడు పట్టకుండా, గీత గీయకుండా నిచ్చెనెక్కి కుంచె ఆనించాడంటే అక్షరాలు బారు తీరి నిలబడేవి. 'ఆర్' అక్షరం కాలును కాస్త పొడుగ్గా లాగి, చివర చేపతోకలా తిప్పేవాడు. ఆ తోక కనబడితే చాలు, అది ఎవరిస్తో రాసిన బోర్డని జనం చెప్పేసేవారు. అందరూ ఆయన్ని 'మేస్త్రీ' అనేవారు. ఆ పిలుపంటే ఆయనకు ఎంతో ఇష్టం.

పెళ్ళయిన కొత్తలో భార్య ఒతీలియాతో త్లస్కాలా వైపు పల్లె నుంచి వచ్చి ఆ కొండ మీద నాలుగు రేకులు పాతుకున్నాడు. అప్పుడక్కడ నీళ్ళు లేవు. ట్యాంకరు కొండ కిందే ఆగిపోయేది. ఆడవాళ్ళు బకెట్లతో మెట్లెక్కి మోసుకొచ్చుకునేవారు. ఒతీలియా కడుపుతో ఉన్నప్పుడూ మోసింది, పిల్లని వీపున కట్టుకునీ మోసింది. తర్వాత అందరూ గౌరవంగా దోన్యా కూకా అని పిలిచే కుట్టుపనామె ఆడవాళ్ళందరినీ కూడగట్టి పెద్దరోడ్డు మీద బైఠాయించింది. ట్రాఫిక్కు ఆగింది, పోలీసులొచ్చారు, లాఠీలూ లేచాయి. చివరికి కొండ మీద నీళ్ళ ట్యాంకు కట్టారు. ఆ రోజుల్లో ఎవరిస్తో ఎక్కడో ఒక డాన్సు హాలు గోడకు పేరు రాస్తున్నాడు. తనకేమీ పట్టనట్టు ఉండాలని ఆయన అనుకోలేదు. పనుంది, వెళ్ళాడు, అంతే.

ట్యాంకు కట్టాక దాని ముందు పొడవాటి గోడ ఒకటి ఖాళీగా నిలబడింది. దాని మీద బొమ్మలు వేసుకుందామని దోన్యా కూకా అంది. ఆమె యుకటాన్ నుంచి వచ్చిన మాయా జాతి మనిషి, ఇంటిపేరు పూట్. కొండ మీద ఎక్కువమంది నావా జాతి జనం. గోడ మీద వానదేవుణ్ణి వెయ్యాలన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఏ వానదేవుణ్ణి అన్నదగ్గరే పేచీ వచ్చింది. గుండ్రటి కళ్ళద్దాలు పెట్టుకున్నట్టుండే త్లాలోక్ అని వీళ్ళు, చుట్టచుట్టుకున్న పొడుగు ముక్కు చాక్ అని ఆమె.

"సరే, కళ్ళు మీ దేవుడివి పెట్టండి, ముక్కు మా దేవుడిది పెట్టండి. నీళ్ళిచ్చేది ఎవరైతేనేం?" అని చివరికి ఆమే తేల్చింది.

కుంచె పట్టే మనిషి కదా అని ముందు ఎవరిస్తో దగ్గరికే వచ్చారు. ఆయన నవ్వాడు.

"నేను బొమ్మలు వేసేవాణ్ణి కాదు దోన్యా. అయినా మీ కుట్టుమిషనోళ్ళూ, కోళ్ళ కొట్టోళ్ళూ పూసే రంగులు రెండు వానలకి కారి మురిక్కాలవలో కలుస్తాయి. నన్నెందుకు లాగుతారు అందులోకి?"

"కారితే మళ్ళీ వేసుకుంటాం లెండి," అంది ఆమె. తర్వాత మళ్ళీ అడగలేదు.

వాళ్ళే వేసుకున్నారు. వంకరటింకరగానే వేశారు. దేవుడు రెండు చేతులా కుండలు వంచుతుంటే నీలం చారలుగా నీళ్ళు కిందికి దిగుతాయి. కింద బకెట్లు మోసే ఆడవాళ్ళు వరసగా మెట్లెక్కుతుంటారు. గోడ అడుగున పొడుగూతా ఎర్రటి చేతి ముద్రలు. తమ వైపు పాత గుహల్లో మనుషులు అలా చేతులు అద్ది వెళ్ళేవారని, 'ఇక్కడ మేమున్నాం' అని చెప్పుకోవడానికేనని దోన్యా కూకా చెప్పింది. నీళ్ళు మోసిన ప్రతి మనిషీ చెయ్యి అద్దింది. ఆ రోజు కూడా ఎవరిస్తో పనిమీద వెళ్ళాడు.

రంగులు కారలేదు. ఏళ్ళు గడిచినా కారలేదు. కొండ మీదుగా కేబుల్ కారు వేశాక, అందులో పోయేవాళ్ళు ట్యాంకు గోడ రాగానే సీట్లలోంచి లేచి కిందికి చూసేవారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఫొటోలు తీసుకునేవారు. ఈలోగా ఊళ్ళోకి ఫ్లెక్సీలొచ్చాయి. దుకాణాలవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఎవరిస్తో బోర్డుల మీద ప్లాస్టిక్కు గుడ్డలు కట్టేశారు. ఆయన అక్షరాల్ని ఇప్పుడెవరూ తలెత్తి చూడటంలేదు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. ఇంటి గుమ్మంలో కూర్చుని, పైన పోయే కేబుల్ కారు అద్దాల వెనక ఆ గోడవైపు తిరిగే మొహాలను మాత్రం చూస్తుండేవాడు.

ఆ ఏడు ఎన్నికలొచ్చాయి. గోడరాతల కాంట్రాక్టు తీసుకున్న చాతో అనే చప్పిడి ముక్కాయన ఎవరిస్తో గుమ్మంలోకి వచ్చాడు.

"మేస్త్రీ, మన అభ్యర్థి బర్రేరా గారి పేరు రాయాలి. రొట్టెల పిండిమర వెనక గోడ ఉంది, మాట్లాడి పెట్టాను."

"పిండిమర వెనక గోడ ఎవరు చూస్తారు చాతో? కుక్కలు చూస్తాయి."

"మరెక్కడంటావు?"

"ట్యాంకు గోడ. కేబుల్ కారు దాని మీదుగానే పోతుంది."

చాతో తలెత్తి కేబుల్ కారు వైపు చూశాడు. "దాని మీద మీవాళ్ళ బొమ్మలున్నాయి కదయ్యా. గొడవవుతుందేమో చూసుకో."

"పాతబడిపోయాయి. ఎవరూ పట్టించుకోవడం లేదు," అన్నాడు ఎవరిస్తో.

అలా అడగడానికి ఆయనకు ఏ అవసరమూ లేదు. ఎవరూ ఆయన్ని నెట్టలేదు. బర్రేరా అన్న పేరులో మూడు 'ఆర్'లు ఉన్నాయి. ఆ మూడు తోకలూ అంత పెద్ద గోడ మీద ఎలా ఉంటాయో అప్పటికే ఆయన కళ్ళకు కట్టింది. అంతకు మించి ఇంకేమీ లేదు.

ఆ బుధవారం ఆయన ఒతీలియాను పెరట్లో నాగజెముడు మట్టలు కోసి నానబెట్టమన్నాడు. ఆ జిగురు కలిపితే సున్నం గోడకు గట్టిగా పడుతుంది, వానకు రాలదు. ఈస్టరు పండక్కి ఎన్నాళ్ళకో ఇంటి గోడలకు సున్నం కొడతాడనుకుని ఆమె సంతోషంగా ముళ్ళు గీకి, తరిగి, డ్రమ్ములో వేసింది.

శుక్రవారం గుడ్ ఫ్రైడే. కొండ ఖాళీ చేసి జనమంతా సిలువ ఊరేగింపు చూడ్డానికి కిందికి దిగారు. కోళ్ళ కొట్టు క్రిస్పీన్ ఆ ఏడు రోమను సిపాయి వేషం కట్టాడు. నడుం పట్టేసిందని ఎవరిస్తో ఇంట్లో ఉండిపోయాడు. మనుషుల సవ్వడి అణగిపోయాక నిచ్చెనా డ్రమ్మూ మోసుకుని ట్యాంకు దగ్గరికి వెళ్ళాడు.

పైనుంచి మొదలుపెట్టాడు. దేవుడి కళ్ళు పోయాయి, ముక్కు పోయింది, కుండలు పోయాయి. చెయ్యి తిరిగిన పని కాబట్టి సున్నం ఎక్కడా చారలు పడకుండా పరుచుకుంటూ దిగింది. కిందికొచ్చేసరికి మోకాళ్ళ మీద కూర్చోవాల్సి వచ్చింది. ఇన్నేళ్ళూ దూరం నుంచి చూసి అదేదో అంచుగీత అనుకునేవాడు. దగ్గరగా చూస్తే అవి చేతులు. లావువి, సన్నవి, వేళ్ళు వంకరపోయినవి. ఒక ముద్రలో ఉంగరం వేలికి పైకణుపు లేదు.

పిండిమరలో వేలు నలిగినప్పుడు ఒతీలియాను ఆసుపత్రికి మోసుకెళ్ళింది ఆయనే. ఆ చెయ్యి ఎవరిదో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కుంచె పట్టిన చెయ్యి ఆగింది. సున్నం బొట్లు నేలమీద పడుతున్నాయి. కాసేపటికి ఆ చెయ్యి మళ్ళీ కదిలింది. ఆ ముద్రను కూడా కప్పేసింది.

సాయంత్రానికి అక్షరాలు పూర్తయ్యాయి. నీలం ఎనామిల్ రంగు, ఎర్రటి నీడ, మూడు తోకలు. బతుకులో అంత బాగా ఎన్నడూ రాయలేదు. నిచ్చెన దిగి వెనక్కి నడిచి ఒక్కసారి చూసుకున్నాడు. అప్పుడు కలిగిన ఆనందం తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆయనకు ఒళ్ళంతా చీదర పుట్టేది.

జనం మెట్లెక్కి వచ్చారు. ముందు నడుస్తున్నవాళ్ళు ఆగిపోతే వెనకవాళ్ళు వచ్చి వాళ్ళకు తగులుకున్నారు. క్రిస్పీన్ సిపాయి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎవరు చేశారని ఎవరూ అడగలేదు. ఆ తోకలు అందరికీ తెలుసు. ఒతీలియా గోడ అడుగుకేసి చూసింది. తర్వాత బుట్ట చంకన మార్చుకుని ఇంటికి నడిచింది. ఆ రాత్రి బెల్లంపాకంలో నానేసిన పండగ రొట్టె పళ్ళెంలో పెట్టి ఆయన ముందుంచింది. తను తినకుండా వెళ్ళి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే దోన్యా కూకా వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"దోన్ ఎవరిస్తో, ఒక్క మాట అడుగుతాను. మిమ్మల్ని బెదిరించారా?"

అవునంటే బావుండునన్న ఆశ ఆమె మొహం నిండా ఉంది. ఎన్నేళ్ళుగానో ఇరుగుపొరుగున ఉన్న మనిషి కావాలని అలా చేసుంటాడని నమ్మడం ఆమెకు చేతకావడం లేదు. ఎవరిస్తో ఆ ఆశను చూశాడు. చూసి, దాన్ని పట్టుకున్నాడు.

"అవును," అన్నాడు.

"ఏమన్నారు?"

"నిచ్చెన విరగ్గొడతామన్నారు. ఇక ఈ ఊళ్ళో కుంచె పట్టనివ్వం అన్నారు."

మాటలు వాటంతటవే వచ్చేశాయి. పొయ్యి మీద రొట్టె మాడిన వాసన వచ్చింది. ఒతీలియా పొయ్యి దగ్గరే నిలబడి ఉంది, రొట్టె తిప్పడం లేదు.

గంటలో ఈ మాట కొండంతా పాకింది. "మన మేస్త్రీనే బెదిరిస్తారా, ఎంత కండకావరం," అన్నారు. ఒకామె చిక్కుడుగింజల కూర పంపింది. క్రిస్పీన్ స్వయంగా కోడిని కోయించి తెచ్చి, "తినండి మేస్త్రీ, భయపడకండి, మేమున్నాం," అని భుజం తట్టాడు. ఎవరిస్తో తిన్నాడు. తినకపోతే అనుమానపడతారని తిన్నాడు.

సోమవారం అందరూ కలిసి బర్రేరా ప్రచార ఆఫీసుకు వెళ్ళారు. ఎవరిస్తోను ముందు నడిపించారు. లోపల చాతో కుర్చీలో ఉన్నాడు. దోన్యా కూకా బల్ల మీద చెయ్యి వేసి అడిగింది.

"ముసలాయన్ని బెదిరించి మా గోడ మీద సున్నం కొట్టిస్తారా? మీ ఇంట్లో అమ్మలు నీళ్ళు మొయ్యలేదా? సిగ్గనిపించలేదా మీకు?"

చాతో ఆమెను చూడలేదు. ఎవరిస్తోను చూశాడు. ఎవరిస్తో నేలకేసి చూస్తున్నాడు. చాతోకు సంగతి అర్థమైంది. లేచి వచ్చి, తలవంచి, "తప్పు మాదే దోన్యా. మా కుర్రాళ్ళు కాస్త దురుసుగా మాట్లాడి ఉంటారు. రంగులు మేమే ఇప్పిస్తాం. మేస్త్రీ, పెద్దమనసు చేసుకుని క్షమించాలి," అన్నాడు. ఎవరిస్తోను కావలించుకుని చెవిలో మెల్లిగా అన్నాడు. "బాగానే ఆడావు మేస్త్రీ. నేను గుర్తుపెట్టుకుంటా, నువ్వూ గుర్తుపెట్టుకో."

గెలిచామని నవ్వుకుంటూ జనం వెనక్కి వచ్చారు. మెట్ల మీద ఎవరో ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించారు. ఆ చేతిని విదిలించుకోవాలనిపించింది. విదిలించలేదు.

ఇంట్లో ఒతీలియా మంచం అంచున కూర్చుని ఉంది.

"నిన్ను బెదిరించినవాళ్ళు నాగజెముడు కూడా నానబెట్టమన్నారా?" అంది.

ఎవరిస్తో టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"బుధవారం నేనే కోశాను. ముళ్ళు నేనే తీశాను. ఇదిగో, వేలికింకా గుచ్చుకునే ఉంది. భయపడ్డ మనిషి సున్నం రాలకుండా జాగ్రత్తలు తీసుకుంటాడా?"

"ఒతీలియా..."

"నా చెయ్యి కనిపించలేదా నీకు?"

కనిపించలేదనొచ్చు. అంటే ఆమె నమ్మినా నమ్మొచ్చు. కానీ ఆ రోజుల్లో ఆయన నోట వచ్చిన మొదటి నిజం అదే.

"కనిపించింది."

"గోడ నువ్వే అడిగావు కదూ," అంది. అడగలేదు, చెప్పింది. ఆయన తలూపాడు.

"నేను ఎవరికీ చెప్పను. నాకు చెప్పినట్టే వాళ్ళకీ నువ్వే చెప్పుకో. అందాకా నీకు తిండి పెడతాను, నీ బట్టలుతుకుతాను. మాట్లాడమని మాత్రం అడక్కు," అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ వారమంతా ఎవరిస్తో నిజం చెప్పాలని ఇంట్లోంచి బయల్దేరడం, దోన్యా కూకా కుట్టుమిషను చప్పుడు వినబడేదాకా వెళ్ళడం, వెనక్కి రావడం. ఎదురుపడ్డవాళ్ళు ఇంకా జాలిపడుతూనే ఉన్నారు. ఆ జాలి పురుగులా ఒంటి మీద పాకుతున్నట్టుండేది.

ఆదివారం అందరూ బకెట్లూ ఇనపబ్రష్షులూ పట్టుకుని గోడ కడగడానికి వచ్చారు. మామూలు సున్నమైతే నీళ్ళకు మెత్తబడి ఊడేది. ఇది ఊడటంలేదు. దోన్యా కూకా భుజాన వేసుకున్న రెబోసో శాలువాతో చెమట తుడుచుకుని, "ఎంత గట్టిగా పట్టిందో చూడండి. ఏం కలిపి ఇచ్చారో దుర్మార్గులు," అంది.

పక్కనే రుద్దుతున్న ఎవరిస్తో చెయ్యి ఆపాడు.

"నాగజెముడు జిగురు," అన్నాడు.

"వాళ్ళిచ్చారా?"

"లేదు. నేను కలిపాను. వాళ్ళేమీ ఇవ్వలేదు దోన్యా. బెదిరించనూ లేదు. వాళ్ళు పిండిమర గోడ రాయమంటే ఈ గోడ కావాలని నేనే అడిగాను."

ఆమె చేతిలో బ్రష్షు నుంచి నీళ్ళు కారుతున్నాయి. "ఇంకొంచెం గట్టిగా చెప్పండి. నా ఒక్కదానికే చెబితే నేను మొయ్యలేను," అంది.

ఆయన లేచి నిలబడ్డాడు. నిచ్చెన లేకుండా అంతమంది ముందు ఎన్నడూ నిలబడలేదు. చెప్పాడు. అక్షరాలు కేబుల్ కారులోంచి కనబడాలని అడిగానన్నాడు. చేతి ముద్రలు చూశాననీ, చూసే కొట్టాననీ చెప్పాడు. ఆఫీసులో చాతో తనను కాపాడాడని కూడా చెప్పాడు. మాట్లాడుతున్నంతసేపూ తన బూట్ల మీది సున్నపు మరకలనే చూస్తున్నాడు.



"నా కోడి తిన్నావు కదయ్యా," అన్నాడు క్రిస్పీన్.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకి, సగంలోనే ఆగిపోయింది. తిట్టి ఉంటే ఎవరిస్తోకు బావుండేది. ఆ నవ్వుకు మాత్రం చెవులు మండిపోయాయి.

దోన్యా కూకా తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది. "బెదిరించారా అని నేనే అడిగాను. ఎందుకు చేశారని అడగాల్సింది," అంది తనలో తాను అనుకున్నట్టు. తర్వాత ఆయనకేసి తిరిగి, "నేను వాళ్ళ ఆఫీసుకెళ్ళి సిగ్గులేదా అని అరిచొచ్చాను దోన్ ఎవరిస్తో. ఆ మనిషి లోపల ఎంత నవ్వుకున్నాడో. రోడ్డు మీద పోలీసులు ఈడ్చినప్పుడు కూడా నాకింత సిగ్గనిపించలేదు," అంది.



ఎవరూ ఆయన్ని వెళ్ళిపొమ్మనలేదు. ఎవరూ ఉండమనీ అనలేదు. ఆయన మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని గీకడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి దేవుడి ముక్కు బయటపడింది, నాలుగైదు చేతులు మసగ్గా తేలాయి. ఎనామిలు పడ్డచోట కింది రంగు పెచ్చులుగా ఊడొచ్చింది. కళ్ళు దక్కలేదు. మళ్ళీ మొదటినుంచి వెయ్యాల్సిందేనని తేలింది. చాతో పంపిన రంగుల డబ్బాలను దోన్యా కూకా వెనక్కి పంపించింది. మనమే తలా కాస్త వేసుకుందామంది. కింద వేసినవాళ్ళ పేర్లు తాను రాసిపెడతానని ఎవరిస్తో మెల్లిగా అన్నాడు.

"అక్షరాలొద్దండి," అంది ఆమె. గొంతులో కోపం లేదు.

ఆయనకు మిగిలింది గీకే పని. తను రాసిన అక్షరాలను తనే పుట్టీ బ్లేడుతో ఒక్కొక్కటీ గీకాడు. వారాలు పట్టింది. పైన కేబుల్ కారులో పోయేవాళ్ళు కిందికి చూసేవారు. ఇప్పుడు ఆయన తలెత్తేవాడు కాదు. మధ్యాహ్నం ఒతీలియా అందరికీ భోజనం తెచ్చి, అందరికీ పెట్టినట్టే ఆయనకూ పెట్టేది. ఒకరోజు పళ్ళెం అందిస్తూ, "చేతులు కడుక్కో," అంది. అన్నాళ్ళ తర్వాత ఆమె నోట వచ్చిన మాట అది. ఆయన నల్లా దగ్గర అవసరమైనదానికన్నా చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

వానాకాలం రాకముందే బొమ్మలు పూర్తయ్యాయి. చివరి రోజు పళ్ళెంలో ఎర్రరంగు కలిపి చేతులు అద్దుతున్నారు. ఒతీలియా పొట్టివేలున్న చెయ్యి మళ్ళీ అద్దింది, ఈసారి కాస్త పైన. నిచ్చెన పట్టుకుని నిలబడ్డ ఎవరిస్తోకేసి, అప్పటిదాకా ఆయనతో మాట్లాడని క్రిస్పీన్, గడ్డంతో పళ్ళెం చూపించాడు.

"నీళ్ళు మోసినవాళ్ళవి కదా అవి. నేను మొయ్యలేదు," అన్నాడు ఎవరిస్తో.

క్రిస్పీన్ బలవంతపెట్టలేదు.

మళ్ళీ ఎన్నికలొచ్చినప్పుడు చాతో గుమ్మంలోకి వచ్చి గుర్తుందా అన్నాడు. గుర్తుందన్నాడు ఎవరిస్తో. రాయను అన్నాడు. చాతో నవ్వి, "నీ ఇష్టం, ఎలాగూ ఫ్లెక్సీలే చవక," అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆయనకు డెబ్భై దాటాయి. అప్పుడప్పుడు శ్మశానంలో సిలువల మీద పేర్లు రాస్తాడు, తోకలు లేకుండా. కొండ మీద జనం 'మేస్త్రీ' అనే పిలుస్తారు. అందులో ఎగతాళి ఏమైనా ఉందేమోనని ప్రతిసారీ వెతుక్కుంటాడు, ఉండదు. మోకాళ్ళ నొప్పివల్ల ట్యాంకు పక్క మెట్ల మీద ఆగి కూర్చోక తప్పదు. గోడ చూడ్డానికి వచ్చిన కొత్తవాళ్ళు ఒక్కోసారి ఆయన్ని పలకరిస్తారు.

"తాతగారూ, ఈ బొమ్మలు వేసినవాళ్ళలో మీరూ ఉన్నారా?"

"లేదండి. నేను గీకాను," అంటాడు.

వాళ్ళకు అర్థం కాదు. గోడను సిద్ధం చేసిన పనివాడనుకుంటారు. చాలా గొప్ప పని చేశారంటారు, గోడ పక్కన నిలబడితే ఒక ఫొటో తీసుకుంటామంటారు. విడమరిచి చెబుదామని ఆయన నోరు తెరుస్తాడు. ఈలోగా వాళ్ళు కెమెరా ఎత్తేస్తారు. కర్ర ఆనించుకుని లేచి, ఫొటోలో పడకుండా పక్కకు జరుగుతాడు.